థర్డ్ ఇయర్ సీఎస్‌ఈ, చూపు తగ్గిపోతోంది, ప్లేస్‌మెంట్స్‌కి ఎట్ల రెడీ కావాలె?

ఓరుగల్లు_పోరడు

అందరికీ నమస్తే. నేను వరంగల్‌ల బీటెక్ సీఎస్‌ఈ థర్డ్ ఇయర్ చదువుతున్న. నాకు ఆర్‌పీ ఉంది, రెటినైటిస్ పిగ్మెంటోసా అంటరు. చిన్నప్పటి సంది రాత్రిపూట కనపడకపోయేది, చీకటి పడ్డంక మా అమ్మ గడప దాటనిచ్చేది కాదు. ఇంటర్ దాంక ముందు బెంచిల కూసుంటే నడిచింది. ఇప్పుడు గొట్టంలకెళ్లి చూసినట్టు నడిమిట్ల ఇంత కనిపిస్తది, అది గూడ మబ్బు మబ్బుగ. వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌ల 70 శాతం రాసిచ్చిండ్రు.

ఇప్పటిదాంక ల్యాప్‌టాప్‌ల మ్యాగ్నిఫైయర్ పెట్టుకొని, అక్షరాలు ఇంతింత పెద్దగ చేసుకొని నెట్టుకొస్తున్న. గంట చదివితే కండ్లల్ల నీళ్లు, తలనొప్పి. రూమ్మేట్ చదివి వినిపిస్తడు గని వానికి గూడ పరీక్షలు ఉంటయి కదా, ఎన్నిసార్లని అడుగుత. వచ్చే సెమిస్టర్ నుంచి కంపెనీలు వస్తయి అంటున్నరు. నా డౌట్లు: 1) ఎన్‌వీడీఏ (స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) ఫ్రీ కదా, దాంతోటి కోడింగ్ నిజంగ అయితదా లేక యూట్యూబ్‌ల చెప్పుడు వరకేనా? 2) రెజ్యూమేల చూపు సంగతి రాయాల్నా వద్దా? 3) మా సీనియర్ ఒకాయన "నీకు కోడింగ్ ఎందుకు, గవర్నమెంట్ జాబ్‌కి ప్రిపేర్ అవు, కోటా ఉంది కదా" అన్నడు. అది కరెక్టేనా? ఇంట్ల గూడ అదే అంటున్నరు.

జర పెద్దగ రాసిన, ఏమనుకోకుండ్రి.

పైథాన్_బాబాయ్

తమ్ముడూ, నాది రాజమండ్రి, పుట్టుకతోనే చూపు లేదు, హైదరాబాద్‌లో బ్యాకెండ్ డెవలపర్‌గా ఆరేళ్ల నుంచీ చేస్తున్నా. కాబట్టి నీ మొదటి డౌట్‌కి ఆన్సర్: అవుద్ది. రోజూ అవుతానే ఉంది.

కానీ ఒకటి చెప్తా, కోప్పడకు. కొంచెం చూపున్నోళ్లంతా చేసే తప్పే నువ్వూ చేస్తున్నావ్. కనపడినంత కాలం కంటితోనే లాగుదాం, పూర్తిగా పోయాక చూద్దాం అనుకుంటారు. అప్పటికి ఉద్యోగం మధ్యలో ఉంటారు, మేనేజరు నెత్తి మీద ఉంటాడు, అప్పుడు కూర్చుని కీబోర్డు షార్ట్‌కట్లు నేర్చుకోవాలి. ఇప్పుడే చెవికి మారిపో. స్క్రీన్ ఎక్కడుందో కాస్త కనపడుతున్నప్పుడు నేర్చుకోవడం నాలాంటోడికంటే నీకే ఈజీ, ఎందుకంటే మెనూ ఎలా ఉంటుందో, పాప్-అప్ అంటే ఏంటో నీకు బొమ్మ తెలుసు. నేను ఆ బొమ్మ కూడా ఊహించుకోవాల్సొచ్చింది.

ఎన్‌వీడీఏని 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని కుర్రాళ్లు మొదలెట్టారు, అందుకే మన బాధ తెలిసి రాసినట్టుంటది. జాస్ అని ఇంకో స్క్రీన్ రీడర్ కూడా మంచిదే కానీ డబ్బులు కట్టాలి, లైసెన్స్ లేకపోతే 40 నిమిషాలకోసారి కంప్యూటర్ రీస్టార్ట్ చేసుకోవాలి. చేరాక కంపెనీ వాళ్లని కొనివ్వమని అడగొచ్చు, నీ జేబులోంచి పెట్టకు. మొదటి వారం కోడింగ్ జోలికే పోకు. స్పీడ్ తక్కువ పెట్టుకుని బ్రౌజర్‌లో తిరుగు: హెచ్ నొక్కితే హెడింగులు, కె నొక్కితే లింకులు, టి కి టేబుళ్లు, ఇన్సర్ట్ ఎఫ్7 నొక్కితే పేజీలో ఉన్నవన్నీ లిస్టుగా వస్తాయి. వాగుడు ఆపాలంటే కంట్రోల్. రోజుకి కాస్త కాస్త స్పీడ్ పెంచుకుంటా పో, రెండు నెలలకి నీ రూమ్మేట్‌కి అది టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ ముందుకి తిప్పినట్టు వినపడుద్ది, నీకు మాత్రం మాటల్లాగే ఉంటది.

ఇక కోడింగ్. కోడ్ రాసుకోవడానికి వీఎస్ కోడ్ అనే ఎడిటర్ పెట్టుకో, స్క్రీన్ రీడర్ ఆన్‌లో ఉందని అదే కనిపెడుతుంది, లేకపోతే షిఫ్ట్ ఆల్ట్ ఎఫ్1. ఆల్ట్ ఎఫ్1 నొక్కితే ఎక్కడున్నావో అక్కడికి సరిపడా హెల్ప్ చదువుద్ది. ఎర్రర్ నుంచి ఎర్రర్‌కి దూకడానికి ఎఫ్8. అందరూ భయపెట్టేది పైథాన్ ఇండెంటేషన్ గురించి, అంటే లైను ముందు వదిలే ఖాళీల గురించి, ఖాళీలు ఎలా కనపడతాయిరా గుడ్డోడికి అని (ఈ మాట నా ముందే అన్నాడొకడు). ఎన్‌వీడీఏ సెట్టింగ్స్‌లో డాక్యుమెంట్ ఫార్మాటింగ్‌లోకి వెళ్తే లైన్ ఇండెంటేషన్ అని ఉంటది, దాన్ని టోన్స్‌కి మార్చు. లైను లోపలికి జరిగేకొద్దీ పీప్ అనే సౌండ్ పైకి పోద్ది, ఒక్కో స్పేస్‌కి కొంచెం, ట్యాబ్ కొడితే నాలుగు స్పేసులంత. ఫంక్షన్ లోపల ఫర్, దాని లోపల ఇఫ్ ఉంటే స రి గ అన్నట్టు మెట్లు మెట్లుగా వినపడుద్ది, బయటికొస్తే కిందికి దిగుద్ది. ఎల్స్ తప్పు ఇఫ్‌కి తగులుకుంటే శృతి తప్పినట్టు చెవికి తెలిసిపోద్ది. మా టీమ్‌లో కళ్లున్నోళ్లు పట్టుకోలేని ఇండెంటేషన్ బగ్గులు రెండుసార్లు నేను పట్టుకున్నా. గొప్ప కాదు, పని చెప్తున్నా.

డయాగ్రమ్స్ అడిగితే మౌస్‌తో గీయకు, మెర్మెయిడ్ లాంటిది నేర్చుకో. అక్షరాల్లో రాస్తే అదే బొమ్మ గీసి పెడుద్ది.

లెక్చరర్_మేడమ్_గుంటూరు

నేను డిగ్రీ కాలేజీలో మ్యాథ్స్ చెప్తాను. బాబూ, పైథాన్ బాబాయ్ గారు చెప్పింది బావుంది కానీ కాలేజీ వైపు నుంచి అసలు అడ్డంకి వేరే ఉంటుంది. మెటీరియల్. మేం ఇచ్చే పీడీఎఫ్‌లు సగం జిరాక్సు కాపీని స్కాన్ చేసినవి, స్క్రీన్ రీడర్‌కి అందులో అక్షరం ముక్క ఉండదు. తెలుగు మెటీరియల్ అయితే మరీ ఘోరం, అను ఫాంట్స్‌లో కొట్టిన ఫైలు కంటికి చక్కటి తెలుగులాగే కనిపిస్తుంది, లోపల మాత్రం స్క్రీన్ రీడర్‌కి అర్థమయ్యే యూనికోడ్ అక్షరాలు కాదు, చదివించి చూస్తే డాలర్లు, బ్రాకెట్లు, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వినపడతాయి. మా స్టూడెంట్ ఒకబ్బాయి పాపం సాఫ్ట్‌వేర్ పాడైపోయిందనుకుని మూడుసార్లు తీసేసి మళ్లీ వేసుకున్నాడు.

అలాంటివి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో ఓపెన్ చెయ్యి, బొమ్మలో ఉన్న తెలుగుని అక్షరాలుగా మార్చి ఇస్తుంది. ఒత్తుల దగ్గర అక్కడక్కడా తడబడుతుంది గానీ చదువుకోవడానికి పనికొస్తుంది. తెలుగు వినడానికి ఎడ్జ్ బ్రౌజర్‌లో రీడ్ అలౌడ్ గొంతు హాయిగా ఉంటుంది, ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు రోబో మాట్లాడినట్టుంటుంది కానీ స్పీడ్ పెంచితే అదే నయం అంటారు పిల్లలు. పుస్తకాలకి సుగమ్య పుస్తకాలయలో మెంబర్‌వి అవ్వు, 2016లో మొదలైంది, ప్రింట్ చదవలేని వాళ్ల కోసమే పెట్టిన ఆన్‌లైన్ లైబ్రరీ. గ్రాఫులకి నా పద్ధతి చెప్తాను: అట్టముక్క మీద గ్రాఫు పెన్సిల్‌తో గీసి, ఆ గీత మీద ఫెవికాల్ సన్నగా పోసి రాత్రంతా ఆరనిస్తాను. పొద్దున్నకి ముగ్గుగీత ఉబ్బినట్టు వేలికి తగులుతుంది. పారాబొలా అంటే ఏంటో మా స్టూడెంట్ అబ్బాయికి అలా తెలిసింది, పది రూపాయల ఖర్చు.

పరీక్షల సంగతి ఇప్పుడే తేల్చుకో. స్క్రైబ్‌ని, అంటే నువ్వు చెప్తే రాసిపెట్టే మనిషిని, తీసుకుంటే గంటకి 20 నిమిషాల చొప్పున అదనపు టైం, అంటే మూడు గంటల పేపర్‌కి గంట. కేంద్రం ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఇది ఉంది, కంప్యూటర్ మీద రాసే వీలు కూడా అందులోనే ఉంది. కాలేజీలో "మాకు అలాంటి రూల్ లేదు" అంటే ఆ కాగితం ప్రింట్ తీసి లెటర్‌కి జతచేసి ఇవ్వు. నోటితో అడిగితే నోటితోనే కాదంటారు, ఆఫీసులో అందినట్టు ఇన్వార్డ్ నంబర్ వేయించుకున్న లెటర్‌కి మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సొస్తుంది.

స్క్రైబ్‌తో ముందు రెండు సిట్టింగులన్నా ప్రాక్టీస్ చెయ్యి. నేను ఇన్విజిలేషన్‌లో ఉండగా సీ ప్రోగ్రామింగ్ పరీక్షలో ఒక కుర్రాడు పాయింటర్ కోసం "స్టార్ పెట్టు" అన్నాడు, స్క్రైబ్‌గా వచ్చిన ఇంటర్ ఆర్ట్స్ అమ్మాయి చక్కగా ఐదు కోణాల నక్షత్రం గీసింది. పేపరంతా నక్షత్రాలే.

ఓరుగల్లు_పోరడు

మేడమ్, అను ఫాంట్స్ సంగతి చదివి మా రూమ్ల నవ్వుడే నవ్వుడు, నాక్కూడ గదే అయింది, నేను గూడ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ల ఏసిన. లెటర్ రేపే రాస్త. బాబాయ్ అన్నా, రెండో డౌట్ గురించి జర చెప్పు, రెజ్యూమేల రాయాల్నా?

పైథాన్_బాబాయ్

నా ఓటు వద్దు అనే. రెజ్యూమే అంటే నీకేం వచ్చో చెప్పేది, నీకేం లేదో చెప్పేది కాదు. షార్ట్‌లిస్ట్ అయిన మెయిల్ రాగానే, టెస్ట్‌కి ముందు, హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టు. టెస్ట్ అయ్యాక చెప్తే మాత్రం సాకులాగా ఉంటది.

నా మొదటి ఆన్‌లైన్ టెస్ట్ ఏమైందో చెప్తా. ఏ కంపెనీయో అనవసరం. కెమెరా పెట్టి సాఫ్ట్‌వేరే కాపలా కాసే టైపు. నేను స్క్రీన్ వైపు చూడను కదా, తల పక్కకి పెట్టి వింటా. "మీ దృష్టి స్క్రీన్ మీద లేదు" అని వార్నింగ్, ఇంకోటి, మూడోదానికి టెస్ట్ క్లోజ్. అప్పటికి రెండు ప్రోగ్రాములు కరెక్ట్‌గా రన్ అయ్యాయి. ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి మెయిల్ కొట్టా, తిట్టకుండా మూడు ముక్కలే రాశా: నేను స్క్రీన్ రీడర్ వాడతాను, కెమెరా వైపు నా చూపు ఉండదు కాబట్టి మనిషిని కాపలా పెట్టండి, అదనపు టైం ఇవ్వండి, బొమ్మల్లో ఉన్న ప్రశ్నలు అక్షరాల్లో ఇవ్వండి. వారానికి మళ్లీ పెట్టారు. అక్కడ ఉద్యోగం రాలేదు, అది వేరే కథ, కానీ ఆ మెయిల్ అప్పటి నుంచీ నా డ్రాఫ్ట్స్‌లో అలాగే ఉంది, కంపెనీ పేరు మార్చి పంపేవాణ్ణి.

వినపడదు_రాయండి

మధ్యలో వస్తున్నా, నాకు రెండు చెవులూ సరిగ్గా వినపడవు, బ్యాంకులో క్లర్క్‌గా చేస్తున్నాను. బాబాయ్ గారితో రెండో విషయంలో నేను ఒప్పుకోను. దాచి వెళ్తే నాకు గ్రూప్ డిస్కషన్‌లో ఏమైందో తెలుసా, ఎనిమిది మంది ఒకేసారి అరుస్తుంటే ఎవరి పెదాలు చూడాలి, పదిహేను నిమిషాలు బొమ్మలాగా కూర్చుని వచ్చాను, "కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ" అని రాశారంట. ముందే రాసి ఉంటే చాట్‌లో పెట్టమని అడిగేదాన్ని. పెద్ద కంపెనీలు కొన్ని వికలాంగుల కోసమే విడిగా డ్రైవ్‌లు పెడతాయి, అక్కడికి మొదటి లైన్లోనే రాసి పంపాలి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ప్రతి సంస్థా ఈక్వల్ ఆపర్చునిటీ (సమాన అవకాశాల) పాలసీ ప్రకటించాలి, ప్రైవేటు వాళ్లయినా సరే, వాళ్ల వెబ్‌సైట్‌లో అది ఉందో లేదో చూడండి. ఉన్నచోట రాయండి, లేనిచోట బాబాయ్ గారు చెప్పినట్టు చేయండి.

నాలాంటి వాళ్లు ఎవరైనా చదువుతుంటే: ఫోన్లో మాటల్ని అక్షరాలుగా చూపించే లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెలుగులో కూడా పనిచేస్తుంది, ఫోన్ మీ దగ్గర కాదు, లెక్చరర్ టేబుల్ మీద పెట్టి బ్రేక్‌లో చదువుకోండి. ఇంగ్లీష్ మీటింగులకి విండోస్ 11లో లైవ్ క్యాప్షన్స్ ఉన్నాయి. ఫ్యాన్ కింద కూర్చుంటే మాత్రం రెండూ చెత్త రాస్తాయి.

మూడో డౌట్, గవర్నమెంట్ జాబ్. నేను ఆ దారిలోనే వచ్చాను కాబట్టి చెప్తున్నా, తప్పేం లేదు. ఉద్యోగాల్లో మనకి 4 శాతం, అందులో చూపు వాళ్లకి 1, వినికిడి వాళ్లకి 1, కాళ్లు చేతుల సమస్య ఉన్నవాళ్లకి 1, మిగతావాళ్లందరికీ కలిపి 1. కానీ కోటా ఉంది కదా అని కోచింగ్‌లో కూర్చుని ఐదేళ్లు పోగొట్టుకున్నవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. కట్ ఆఫ్ తగ్గుతుంది గానీ ప్రిపరేషన్ తగ్గదు.

ఒంటిచేత్తో_వైజాగ్

నాకు కుడిచెయ్యి పనిచెయ్యదు, పుట్టుకతోనే. బీకాం చేసి ఇప్పుడు అకౌంట్స్‌లో ఉన్నాను. నేను చెప్పేది చిన్నదే, షిఫ్ట్ కీ ఐదుసార్లు కొడితే స్టిక్కీ కీస్ వస్తాయి, కంట్రోల్ ఆల్ట్ డిలీట్ ఒక్కో వేలితో ఒక్కోటి కొట్టుకోవచ్చు. అందరూ పొరపాటున నొక్కి విసుక్కునే ఆ డబ్బా నాకు అన్నం పెడుతోంది మరి. విండోస్ కీ, హెచ్ కలిపి కొడితే మాట్లాడింది టైప్ అవుద్ది.

ఇంకోటి, సదరం ఉంది కదా అని ఊరుకోకండి, దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు, యూడీఐడీ, తెప్పించుకోండి, స్వావలంబన్ పోర్టల్‌లో అప్లై చెయ్యాలి. వేరే రాష్ట్రంలో ఇంటర్వ్యూకి వెళ్తే సదరం అంటే ఏంటని అడుగుతారు. నాకు చెన్నైలో అదే అయ్యింది, సర్టిఫికెట్ తిప్పి తిప్పి చూశారు.

లెక్చరర్_మేడమ్_గుంటూరు

స్కాలర్‌షిప్ గురించి ఎవరూ అనలేదు. జూనియర్లు చదువుతుంటే వాళ్ల కోసం: ఏఐసీటీఈ సక్షమ్ అని ఉంది, టెక్నికల్ కోర్సుల్లో చేరినవాళ్లకి ఏడాదికి 50 వేలు, 40 శాతం ఆపైన వైకల్యం, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. కోర్సులో చేరిన ఏడాదే అప్లై చెయ్యాలి, నీకు దాటిపోయింది బాబూ, ఎవరూ చెప్పలేదా అప్పట్లో? నీకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంటుంది, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చూడు.

ఆ సీనియర్ మాటకొస్తే, శ్రీకాంత్ బొల్లా గారిది మచిలీపట్నం దగ్గర పల్లెటూరు. చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ ఇవ్వం అంటే పోట్లాడి తీసుకున్నారు, ఐఐటీ కోచింగ్ వాళ్లు చేర్చుకోలేదు, అమెరికా వెళ్లి ఎంఐటీలో చదివి వచ్చి హైదరాబాద్‌లో కంపెనీ పెట్టారు. అందరూ ఆయనంత అవ్వక్కర్లేదు, నేను అలా చెప్పి పిల్లల్ని చంపుకు తినను కూడా. కానీ "నీకెందుకు" అన్నవాళ్లందరి మాటా ఆయన వినుంటే?

టెస్టింగ్_రమణి

అక్సెసిబిలిటీ టెస్టింగ్ వైపు చూడు తమ్ముడూ. వెబ్‌సైట్లు, యాప్‌లు స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తున్నాయో లేదో చూసే ఉద్యోగం. డబ్ల్యూసీఏజీ అనే రూల్స్ చదవాలి, 2.2 వెర్షన్ 2023లో వచ్చింది, ఫ్రీగానే దొరుకుద్ది. ఈ ఫీల్డ్‌కి సీపీఏసీసీ అని సర్టిఫికేషన్ ఉంది కానీ ఫీజు ఎక్కువ, ఉద్యోగం వచ్చాక కంపెనీతో కట్టించుకో. నువ్వు రోజూ వాడేదే కాబట్టి బటన్‌కి పేరు లేకపోతే నీకు ఒక్క సెకన్లో తెలుస్తుంది.

పైథాన్_బాబాయ్

రమణి గారూ, మంచి ఫీల్డే, కాదనను. కానీ చూపు లేనోడంటే చాలు అందరూ అటే తోస్తున్నారు, ఒకప్పుడు టెలిఫోన్ ఆపరేటర్ అన్నట్టు. ఇష్టమైతే చెయ్, నీకిష్టమైతేనే. రెండు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు చూసి అక్సెసిబిలిటీ బగ్స్ రిపోర్ట్ చెయ్, కుదిరితే నువ్వే ఫిక్స్ చెయ్, అప్పుడు డెవలపర్‌కి డెవలపరూ, టెస్టర్‌కి టెస్టరూ. రెజ్యూమేలో రాసుకోవడానికి అది మినీ ప్రాజెక్టు కంటే నయం.

ట్రైనింగ్ కావాలంటే హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ల రిహాబిలిటేషన్ సెంటర్‌కి ఒకసారి వెళ్లిరా, కంప్యూటరూ చేతికర్రతో నడకా రెండూ అడుగు. చేతికర్ర అనగానే మొహం మాడ్చుకోకు, క్యాంపస్ డ్రైవ్‌కి వేరే ఊరు, తెలియని బిల్డింగు, చీకటి ఆడిటోరియం... ఆర్‌పీ ఉన్నోడికి నేను చెప్పక్కర్లేదు. ఉద్యోగాల కోసం వికలాంగులకి సాయం చేసే సంస్థలున్నాయి, యూత్‌ఫర్‌జాబ్స్ హైదరాబాద్‌దే, బెంగళూరులో ఎనేబుల్ ఇండియా. రెండిట్లోనూ పేరు నమోదు చేసుకో.

ఓరుగల్లు_పోరడు

పది రోజులైంది, అప్‌డేట్ ఇద్దామని వచ్చిన. లెటర్ ఇచ్చిన మేడమ్, ఇన్వార్డ్ నంబర్ గూడ ఏయించుకున్న, ఆఫీసుల ఆయన "ఎందుకమ్మా ఇదంతా, నోటితోని చెప్తే సరిపోతది కదా" అన్నడు, మీరు చెప్పింది యాదికొచ్చి నవ్వొచ్చింది. యూడీఐడీ అప్లై చేసిన. రెజ్యూమే రెండు రకాలుగ చేసి పెట్టుకున్న, రాసినది ఒకటి రాయనిది ఒకటి, బ్యాంకుల చేసే అక్క చెప్పినట్టు కంపెనీని బట్టి పంపుత.

ఇంట్ల ఇంక ఒప్పుకోలే. బాపు "బ్యాంకు పరీక్ష గూడ రాయి" అన్నడు, రాస్త అన్న, రెండూ రాస్త.

మొదటి వారం ఎన్‌వీడీఏ వింటుంటే పిచ్చి లేసింది, ల్యాప్‌టాప్ ఇసిరి కొట్టబుద్ధయింది. నిన్న రాత్రి మాత్రం టోన్స్ పెట్టుకొని బైనరీ సెర్చ్ రాసిన. ఒక కాడ సౌండ్ కిందికి దిగాల్సింది దిగలే. రిటర్న్ వైల్ లోపలనే ఉండిపోయింది. స్క్రీన్ ఆఫ్ చేసి ఉంది, కంటితోని చూడనే లేదు. రూమ్మేట్ లేసి "గీ టైంల పియానో ఏందిరా" అన్నడు.

అన్నా ఒక చిన్న డౌట్, హాస్టల్ల వానికి డిస్టర్బ్ అయితుందని బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కొందామనుకుంటున్న, ఏది మంచిగుంటది?

పైథాన్_బాబాయ్

బ్లూటూత్ వద్దు. కీ నొక్కాక ఆలస్యంగా మాట్లాడుద్ది, పైగా మాట మాటకీ మొదటి అక్షరం మింగేస్తది, డిలీట్ అన్నదో సెలెక్ట్ అన్నదో తెలియక చస్తావ్. వైరున్నది కొనుక్కో, మూడొందల్లో వచ్చేది చాలు, ఒక్క చెవికే పెట్టుకో, రెండో చెవి క్లాసుకి.

ఆ వైల్ లోపలి రిటర్న్ నేను కూడా మొదట్లో అలాగే పెట్టా.